మొదటి నిమిషాన్ని నమ్మకండి

షాపింగ్ మాల్‌లో పెర్ఫ్యూమ్ కౌంటర్ ముందు ఆగితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. నల్ల చొక్కా కుర్రాడు సన్నటి కాగితపు ముక్క మీద ఒకసారి కొట్టి, గాలిలో ఆడించి, మీ ముక్కు దగ్గర పెడతాడు. మీరు పీలుస్తారు. బాగుందంటారు, లేదా పెదవి విరుస్తారు. ఇంకో కాగితం. ఇంకోటి. నాలుగోది వచ్చేసరికి మొదటిది ఎలా ఉందో కూడా గుర్తుండదు. అయినా బిల్లు కట్టి బయటికొస్తారు. చెప్పులైతే నాలుగడుగులు నడిచి చూస్తాం, చొక్కా అయితే అద్దం ముందు వేసుకుని చూస్తాం. వేలు పోసి కొనే సెంటును మాత్రం అర నిమిషం పరిచయంతో ఇంటికి తెచ్చుకుంటాం.

ఆ అర నిమిషమే ఇవాళ్టి మగవాళ్ళ పరిమళాల వ్యాపారానికి ఆయువుపట్టు. కొట్టీ కొట్టగానే ముక్కును పట్టుకోవాలి. ఆ తర్వాత మూడు గంటలకు అది మీ మెడ మీద ఏమవుతుందన్నది కౌంటర్ దగ్గర ఎవరికీ పట్టదు. ఈ అధ్యాయంలో దానికి పూర్తిగా ఎదురు పద్ధతిలో తయారైన ఒక పాత సరుకు గురించి మాట్లాడుకుందాం: ఓల్డ్ స్పైస్ ఆఫ్టర్‌షేవ్. మందుల షాపులో, కిరాణా కొట్టులో అద్దాల బీరువా పై అరలో దొరికేదే.

వ్యక్తిత్వ వికాసానికి దీనితో ఏం పని అంటారా? ఇంటర్వ్యూకి ఏ రంగు చొక్కా వేసుకోవాలో, చెయ్యి ఎంత గట్టిగా కలపాలో పేజీలకు పేజీలు రాసే ఈ రకం పుస్తకాలు వాసన దగ్గరికొచ్చేసరికి శుభ్రంగా స్నానం చేయండి అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. పక్క కుర్చీలో కూర్చునే మనిషికి మీ కరచాలనం ఉదయం ఒకసారే తగులుతుంది. మీ సెంటు సాయంత్రం దాకా తగులుతూనే ఉంటుంది. దాని మీద కాస్త ఎక్కువ ఆలోచించడంలో తప్పేమీ లేదు.

ముందు కథ. విలియం లైట్‌ఫుట్ షుల్జ్ అనే అమెరికన్ 1934లో షుల్టన్ అనే కంపెనీ పెట్టాడు. 1937లో ఆ కంపెనీ తెచ్చిన మొదటి ఓల్డ్ స్పైస్ ఆడవాళ్ళది. పేరు ఎర్లీ అమెరికన్ ఓల్డ్ స్పైస్. షుల్జ్ తల్లి ఎండిన గులాబీ రేకులూ సుగంధ ద్రవ్యాలూ కలిపి జాడీలో దాచుకునేదనీ, ఆ జాడీ వాసనే దీనికి మూలమనీ చెబుతారు. మగవాళ్ళ రకం మరుసటి ఏడాది, 1938లో వచ్చింది. మగతనానికి మారుపేరుగా దశాబ్దాలపాటు ప్రకటనలు గుప్పించిన సరుకు పుట్టింది ఆడవాళ్ళ అలంకరణ బల్ల మీద! సువాసనకు ఆడ, మగ తేడా చాలావరకు సీసా మీద అంటించే కాగితంలోనే ఉంటుందని నా నమ్మకం. పూలవాసన వస్తోంది, ఇది మగవాళ్ళకు బాగోదేమో అని సందేహపడేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

పాల రంగు సీసా మీద ఓడల బొమ్మలు వేశారు. అమెరికా తొలిరోజుల వర్తక నౌకల బొమ్మలవి. వాటిలో గ్రాండ్ టర్క్ అన్నది నిజంగా మసాచుసెట్స్‌లోని సేలం రేవు ఓడ. 1786లో చైనాలోని కాంటన్ చేరింది. సేలం వర్తకులు సుమత్రా నుంచి మిరియాలు ఓడలకెత్తి తెచ్చి కోటీశ్వరులయ్యారు. అంటే సీసా మీద ఓడ ఉత్త అలంకారం కాదు, లోపలి సరుకు ఏ దారిన అమెరికా చేరిందో చెప్పే బొమ్మ. తూర్పు దేశాల లవంగం, దాల్చినచెక్క పడమటికి వెళ్ళి, అక్కడ ఆల్కహాల్‌లో కలిసి, మళ్ళీ మన ఇళ్ళల్లో అద్దం పక్కకు వచ్చి కూర్చున్నాయి.

దూరదర్శన్ రోజుల్లో దీని ప్రకటన చూసినవాళ్ళకు ఎగిసిపడే సముద్రపు అలలు, వాటి మీద పలకతో జారే మనిషి, వెనక గుండెలదిరే బృందగానం గుర్తుండే ఉంటాయి. ఆ పాట జర్మన్ సంగీతకారుడు కార్ల్ ఆర్ఫ్ కూర్చిన కార్మినా బురానా లోది. దాని మొదటి ప్రదర్శన కూడా 1937లోనే. కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉంటుంది.

ఇక సీసా మూత తీద్దాం.

మూత తీయగానే వచ్చేది ఆల్కహాల్ ఘాటు, వెంట నారింజ, నిమ్మ తొక్కల చురుకు, కొంచెం సోంపు లాంటిది. చాలామంది ఇక్కడే ముఖం చిట్లించి మూత పెట్టేస్తారు. ఓపిక పట్టండి. పదిహేను నిమిషాల్లో ఆ తొక్కల వాసన ఎగిరిపోతుంది. దాని కింద నుంచి లవంగం, దాల్చినచెక్క పైకి వస్తాయి, వాటితో పాటే ఒక పూలవాసన. అది కార్నేషన్ పువ్వుది. కార్నేషన్‌కూ లవంగానికీ చుట్టరికం ఉంది. లవంగంలో ముఖ్యమైన సుగంధ పదార్థం యూజెనాల్. పరిమళాల తయారీదారులు కార్నేషన్ వాసనను కట్టేది కూడా ఎక్కువగా యూజెనాల్‌తో, దాని దగ్గరి బంధువులతోనే. పంటి నొప్పికి దూదిలో అద్ది పెట్టుకునే లవంగ నూనెలో ఉండేది ఇదే. పంటి డాక్టరు తాత్కాలికంగా పుచ్చు పూడ్చే పదార్థంలోనూ ఇదే ఉంటుంది. ఓల్డ్ స్పైస్ వాసన చూసి క్లినిక్‌లా ఉందే అని ఎవరైనా అంటే నవ్వకండి, వాళ్ళ ముక్కు సరిగ్గానే పనిచేస్తోంది.

గంట దాటాక మూడో దశ. ఈ సరుకు అసలు సంగతి ఇక్కడ ఉంది. మసాలా ఘాటు తగ్గి వెనీలా తీపి, పౌడరు మెత్తదనం, వాటి కింద దేవదారు చెక్క, బంకల వాసన మిగులుతాయి. కంపెనీ తన ఫార్ములాను బయటపెట్టదు. పరిమళాల మీద రాసేవాళ్ళు ఇచ్చే జాబితాలలో మాత్రం బెంజాయిన్ తరచుగా కనబడుతుంది. అది మనకు కొత్తదేమీ కాదు. పసిపిల్లకు తల స్నానం చేయించి నిప్పుల మీద వేసే సాంబ్రాణి అదే. లవంగం, చెక్క, సాంబ్రాణి, పాయసపు తీపి. ఇవన్నీ ఒకచోట చేరితే తెలుగు ముక్కు దాన్ని పరాయిదిగా చూడలేదు. మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఈ సీసా అంత తేలిగ్గా కుదురుకోవడానికి ధరతో పాటు ఇదీ కారణమని నేననుకుంటాను. మిగతా విదేశీ సెంట్లు పెళ్ళిళ్ళకు మాత్రమే బీరువాలోంచి బయటికి వస్తే, ఇది రోజూ వాడే వస్తువైంది.

ఆవకాయ కలిపిన రోజు రుచి చూసి తీర్పు చెప్పం కదా. మూడో రోజు తిరగకలిపాక చూస్తాం. పాత పరిమళాలకు వేయాల్సిన తూకం కూడా అదే. అందుకే పరీక్ష ఇలా చేయండి. సెలవు రోజు ఉదయం స్నానం, గడ్డం అయ్యాక ఆఫ్టర్‌షేవ్ రాసుకోండి. మణికట్టు మీద కూడా ఒక చుక్క. రాసుకున్న వెంటనే దాని గురించి ఏమీ నిర్ణయించుకోకండి. టిఫిన్ చేయండి, పేపర్ చదవండి, బజారుకు వెళ్ళి రండి. గంట తర్వాత మణికట్టు వాసన చూడండి, రెండు గంటలకు మళ్ళీ. అప్పుడు నచ్చితేనే అది మీది. మొదటి నిమిషంలో నచ్చి గంటకు నచ్చనిదాన్ని ఎంత ఖరీదైనదైనా వదిలేయండి. మాల్‌లో కూడా ఇదే పద్ధతి: కాగితం మీద ఒకటి రెండు చూసి, వాటిలో ఒక్కదాన్ని మాత్రం చర్మం మీద కొట్టించుకుని, ఏమీ కొనకుండా ఇంటికి రండి. కాగితానికి ఒంటి వెచ్చదనం లేదు, చెమట లేదు. అది మీ గురించి ఏమీ చెప్పలేదు.

ఆఫ్టర్‌షేవ్ అన్నది సెంటు కాదు. దాని పని వేరు. బ్లేడు వెళ్ళిన చర్మం మీద కంటికి కనబడని గీతలు పడతాయి. ఆల్కహాల్ సూక్ష్మక్రిములను చంపి, ఆవిరవుతూ చల్లదనం ఇస్తుంది. ఆ చుర్రుమనడం దాని వల్లే. సెలూన్‌లో గడ్డం గీశాక పటిక బిళ్ళ తడిపి రుద్దేదీ కొంతవరకు ఇందుకే. పటిక చిన్న గాట్ల నుంచి వచ్చే రక్తాన్ని ఆపుతుంది కూడా. ఈ పనికోసం తయారైంది కాబట్టి ఆఫ్టర్‌షేవ్‌లో సుగంధ ద్రవ్యం తక్కువ, సాధారణంగా నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ళు. ఓ ద త్వాలెత్ అని రాసి ఉండే సీసాల్లో ఐదు నుంచి పదిహేను పాళ్ళ దాకా ఉంటుంది. దాంతో ఓల్డ్ స్పైస్ రెండు మూడు గంటల్లో చర్మం మీద సన్నగిల్లిపోతుంది. ఇది నిలవదు అని తిట్టుకునేవాళ్ళు చాలామంది. నాకైతే దాని అందమే అది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్నవాళ్ళకు మాత్రమే తెలుస్తుంది. లిఫ్టులో మీరు దిగిపోయాక కూడా మీ సెంటు పైఅంతస్తు దాకా ప్రయాణం చేయాల్సిన అవసరం ఏముంది?

ఎంత రాసుకోవాలి? అరచేతిలో రూపాయి బిళ్ళంత. రెండు చేతులూ కలిపి రుద్దుకుని, బుగ్గలకూ మెడకూ తట్టినట్టు రాసుకోండి. రుద్దకండి, గీసిన చర్మం మండుతుంది. అంతే. చొక్కా మీద చల్లుకోవద్దు, చంకల్లో పోసుకోవద్దు. చెమట వాసనను ఇది కప్పదు. దానితో కలిసి మూడో వాసన ఒకటి పుట్టిస్తుంది. అది ఎవరికీ మంచిది కాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. కాసేపటికి మీ వాసన మీకే తెలియకుండా పోతుంది. అది సీసా లోపం కాదు. ఎడతెగకుండా తగిలే వాసనను మెదడు కొద్ది నిమిషాల్లోనే పక్కన పెట్టేసి, కొత్తగా వచ్చే వాసనల కోసం ముక్కును ఖాళీగా ఉంచుతుంది. చేపల మార్కెట్లో అమ్మేవాళ్ళకు చేపల వాసన తెలియకపోవడం ఇందుకే. ఇది తెలియనివాళ్ళు సెంటు పోయిందనుకుని మధ్యాహ్నం మళ్ళీ కొట్టుకుంటారు, సాయంత్రం ఇంకోసారి. పక్క సీట్లోవాళ్ళకు తలనొప్పి. మీరు ఎక్కువ రాసుకుంటున్నారో లేదో మీ ముక్కు చెప్పలేదు. ఇంట్లోవాళ్ళను అడగండి, కానీ బాగుందా అని కాదు. అలా అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. నేను గదిలోకి వచ్చినప్పుడు ఎంత దూరం నుంచి తెలిసింది అని అడగండి. గుమ్మం దగ్గరే తెలిసింది అంటే రేపటి నుంచి సగం చేయండి.

ఎండాకాలం లెక్క మారుతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఒంటి వేడికి ప్రతి చుక్కా రెట్టింపు వేగంతో ఆవిరవుతుంది. దాల్చినచెక్క, వెనీలా వేడిలో బరువుగా, కొంచెం వెగటుగా తోస్తాయి. ఆ నెలల్లో మసాలా పరిమళాన్ని సాయంత్రం స్నానం తర్వాతకు వాయిదా వేయండి. డిసెంబరు, జనవరి నెలలు దీనికి అచ్చంగా కుదిరే కాలం. ఏసీ గదిలో పనిచేసేవాళ్ళకు ఏడాది పొడుగునా ఇబ్బంది ఉండదు. కాకపోతే ఏసీ గాలికి చర్మం పొడిబారుతుంది, పొడి చర్మం మీద ఏ పరిమళమూ నిలవదు. ఆఫ్టర్‌షేవ్ ఆరాక వాసన లేని మాయిశ్చరైజర్ కాస్త పూసుకుంటే చర్మానికీ మంచిది, ఆ పరిమళానికీ మంచిది. ఆసుపత్రికి రోగిని చూడ్డానికి వెళ్తున్నప్పుడు, ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇంటికి వెళ్తున్నప్పుడు ఏదీ రాసుకోకపోవడమే మర్యాద.

తాత వాసన అనే మాట ఒకటుంది. పాతికేళ్ళ కుర్రాడు ఇది రాసుకుని ఆఫీసుకి వెళితే ఎవరో ఒకరు అంటారు. దానికి శాస్త్రం వైపు నుంచి ఒక కారణం ఉంది. చూపు, వినికిడి లాంటివి మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళ్తే, వాసన మాత్రం ముక్కు పైనుండే ఘ్రాణ కేంద్రం నుంచి జ్ఞాపకాలకూ భావోద్వేగాలకూ సంబంధించిన భాగాలకు దాదాపు నేరుగా చేరుతుంది. వాసనతో ముడిపడి గుర్తొచ్చేవి ఎక్కువగా చిన్ననాటి సంగతులే. కాబట్టి మీరు ఓల్డ్ స్పైస్ రాసుకుంటే ఎదుటివాళ్ళకు మీ ముఖం కంటే ముందు వాళ్ళ నాన్నో, పెదనాన్నో, లెక్కల మాస్టారో గుర్తుకు రావచ్చు. ఆ గుర్తు మంచిదో చెడ్డదో మీ చేతిలో లేదు. బెత్తంతో కొట్టిన మాస్టారు ఇదే రాసుకునేవాడైతే మీకు మార్కులు పడవు మరి!

కంపెనీకి కూడా ఈ సంగతి తలనొప్పి అయింది. 1990లో ఓల్డ్ స్పైస్‌ను ప్రోక్టర్ అండ్ గాంబుల్ కొన్నది. కుర్రకారు దీన్ని ముసలివాళ్ళ సరుకుగా చూస్తున్నారని గ్రహించి, కొన్నాళ్ళకు ఆ వెక్కిరింతనే ప్రకటనగా మార్చింది. మీ తాత దీన్ని రాసుకోకపోయి ఉంటే నువ్వు పుట్టేవాడివే కాదు అన్న అర్థం వచ్చే మాటను సరుకు మీద ముద్రించింది. 2010లో ఇసయా ముస్తఫా అనే నటుడు తువ్వాలు చుట్టుకుని, గుర్రం మీద కూర్చుని, ఆడవాళ్ళను ఉద్దేశించి మాట్లాడే ప్రకటన ప్రపంచమంతా పాకింది. దాచుకోకుండా దాని వయసునే దాని బలంగా చెప్పుకోవడం మంచి వ్యాపారం. మీకు కూడా పనికొచ్చే పద్ధతి అదే. ఎవరైనా తాత వాసన అంటే నవ్వి, అవును, ఎనభై ఏళ్ళు దాటిన సరుకు అనండి. సంజాయిషీ ఇవ్వకండి. పాత సెంటుతో పాటు పాత మీసం, సస్పెండర్లు, జేబు గడియారం కూడా తెచ్చిపెట్టుకుంటే మాత్రం అది నాటకం వేషం అవుతుంది. మామూలు చొక్కా, మామూలు జీన్స్ మీదే పాత పరిమళం చక్కగా కూర్చుంటుంది.

ఇది నచ్చినవాళ్ళు మరికాస్త వెనక్కీ ముందుకీ వెళ్ళి చూడొచ్చు. 1882లో ఊబిగాన్ అనే పారిస్ సంస్థకు పాల్ పార్కే తయారుచేసిన ఫూజేర్ రొయాల్‌తో ఆధునిక పరిమళాల కథ మొదలైందంటారు. కోసి ఆరబెట్టిన గడ్డి వాసన వచ్చే కూమరిన్‌ను 1868లో విలియం పెర్కిన్ ప్రయోగశాలలో తయారుచేశాడు. పార్కే దాన్ని లావెండర్‌తో, నాచుతో జత చేశాడు. ఆ లావెండర్, గడ్డి, నాచు కూటమి నుంచే 1964 నాటి బ్రూట్ దాకా సగం మగ సెంట్లు పుట్టాయి. బ్రూట్ ఆకుపచ్చ సీసా కరీంనగర్, కడప, కోనసీమ వైపు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ పెట్టెల్లో చాలామందే చూసి ఉంటారు. డబ్బు పెట్టగలిగితే 1966లో ఎడ్మాన్ రుద్నిత్స్కా డియోర్ కోసం తయారుచేసిన ఓ సోవాజ్ ఒక్కసారైనా చూడదగ్గది. పేరు దగ్గరగా ఉందని 2015లో వచ్చిన సోవాజ్‌తో పొరబడకండి, రెండూ పూర్తిగా వేరు. పాతదాంట్లో నిమ్మ చురుకు వెనక హెడియోన్ అనే పదార్థం గాలి ఆడుతున్న మల్లెపందిరి లాంటి తేలికదనాన్ని ఇస్తుంది. మగవాళ్ళ సెంటులో మల్లె! 1988లో డేవిడాఫ్ కూల్ వాటర్ వచ్చాక దారి మళ్ళింది. నీలం సీసాలు, సబ్బు నురగ తాజాదనం. అవి బాగుండవని కాదు. అన్నీ ఒకేలా ఉంటాయన్నదే నా ఫిర్యాదు.

పాత పేర్లు కొనేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. సీసా అదే అయినా లోపలిది అప్పటిది కాదు. ఓక్ చెట్ల మీద పెరిగే ఓక్‌మాస్ అన్న లైకెన్ ఒకప్పుడు మగ పరిమళాలకు అడుగున తడి అడవి వాసన ఇచ్చేది. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే, ఆ కోవదే. ఓక్‌మాస్‌లోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ అనే రెండు పదార్థాలు కొందరిలో చర్మపు అలర్జీ తెస్తున్నాయని తేలడంతో ఐరోపా యూనియన్ 2017లో వాటిని నిషేధించింది. అమ్మకాల నుంచి పూర్తిగా పోవడానికి 2021 దాకా గడువిచ్చింది. దాంతో చాలా పాత ఫార్ములాలను తిరగరాయాల్సి వచ్చింది. ఖర్చు తగ్గించుకోడానికి కంపెనీలే చేసిన మార్పులు వేరే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో పాత స్టాకు అంటూ పదింతల ధరకు అమ్మే సీసాల జోలికి పోవద్దని నా సలహా. నకిలీల సంగతి అలా ఉంచి, అసలైనదైనా ఏళ్ళ తరబడి ఎండలో ఉన్నదో నీడలో ఉన్నదో మీకు తెలిసే దారి లేదు. సరదా ఏమిటంటే, అమెరికాలో గడ్డం గీసుకోవడాన్నే హాబీగా చేసుకున్నవాళ్ళలో చాలామంది తమ దేశపు ఓల్డ్ స్పైస్ కంటే ఇండియాలో అమ్మే సీసానే పాత షుల్టన్ వాసనకు దగ్గరగా ఉంటుందని చాలాకాలంగా చెప్పుకుంటూ, తెప్పించుకుంటూ వచ్చారు. వాళ్ళు అంత దూరం నుంచి తెప్పించుకునేది మనకు సందు చివర దొరుకుతోంది.

కొనే ముందు చర్మం మాట కూడా వినాలి. యూజెనాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ సహజమైనవే అయినా కొందరికి పడవు. ఐరోపా నిబంధనల ప్రకారం సీసా మీద తప్పనిసరిగా పేర్లు ప్రకటించాల్సిన అలర్జీ పదార్థాల్లో ఈ రెండూ ఉన్నాయి. మోచేతి మడత లోపల ఒక చుక్క రాసి రెండు రోజులు ఆగండి. ఎర్రబడినా దురద పెట్టినా మీకిది వద్దు. మొటిమలు, ఎగ్జిమా ఉన్నవాళ్ళు, ఆల్కహాల్‌కు ముఖం కమిలిపోయేవాళ్ళు ఆఫ్టర్‌షేవ్‌ను ముఖానికి దూరంగా ఉంచి, అదే వాసన ఉన్న డియోడరెంట్ స్టిక్కో టాల్కమ్ పౌడరో దొరికితే వాడుకోవచ్చు. గడ్డం పెంచుకున్నవాళ్ళు మెడ వెనక రాసుకుంటే సరిపోతుంది. గడ్డం వెంట్రుకల మీద ఆల్కహాల్ పోస్తే అవి పెళుసెక్కుతాయి.

సీసా ఎక్కడ పెట్టాలన్నది చివరి మాట. అందరూ పెట్టేది బాత్రూంలో కిటికీ గట్టు మీద. అంతకంటే చెడ్డ చోటు లేదు. వెలుతురు, వేడి, గీజరు ఆవిరి మూడూ అక్కడే. నిమ్మ, నారింజ వాసనలు ముందు చచ్చిపోతాయి. మన అమ్మలు సెంటు సీసాను బీరువాలో పట్టుచీరల పక్కన దాచేవాళ్ళే, ఆ చోటు మాత్రం సరైనదే: చీకటి, చల్లదనం, కుదుపులు లేకపోవడం. కాకపోతే పెళ్ళికీ పేరంటానికీ తప్ప తీయకపోవడం వల్ల దుబాయ్ నుంచి వచ్చిన మంచి సీసాలు ఎన్నో సగం కూడా వాడకుండానే పాడయ్యాయి. మూత తీసిన ఆఫ్టర్‌షేవ్‌ను రెండు మూడేళ్ళలో ఖర్చు చేసేయండి. రంగు ముదిరి, మూత తీయగానే నారింజకు బదులు వార్నిష్ లాంటి పుల్లటి ఘాటు వస్తే దాన్ని చర్మానికి రాయొద్దు.